చేతితో వడికిన ఊలుతో ఏం అల్లాలి? ఎలా ఎంచుకోవాలి?

చేతితో వడికిన ఊలు చిలప (పెద్ద చుట్టగా కట్టిన దారం) ఒకటి ఇంటికి వస్తే చాలామంది దాన్ని నేరుగా బీరువాలో పెట్టేస్తారు. ఇంత మంచి ఊలుతో ఏదైనా గొప్పది అల్లాలి, చేయి బాగా తిరిగాక మొదలుపెడదాం అనుకుంటారు. రెండేళ్ళ తర్వాత తీసి చూస్తే పురుగు కొట్టి ఉంటుంది. హనుమకొండలో మా కాలనీ ఆడవాళ్ళం శనివారాలు కూర్చుని అల్లుకుంటాం. అక్కడికి వచ్చే కొత్తవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "మంచి ఊలు ఉంది, ఏం చేయమంటారు?"

నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను. ఊలు విశేషమైనదైతే అల్లిక సాదాగా ఉండాలి. మిల్లు ఊలు మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉంటుంది. దానికి అందం రావాలంటే జడలు, పూలు, జాలీలు వేయాలి. చేతితో వడికిన దారం అలా ఉండదు. ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా, ఒకచోట నల్లగా, ఒకచోట బూడిద రంగుగా సాగుతుంది. దాని అందమంతా అందులోనే ఉంది. దాని మీద జడ డిజైన్ వేస్తే జడ సరిగ్గా కనిపించదు, దారమూ కనిపించదు. పైగా తప్పు పోయి విప్పాల్సి వస్తే మిల్లు ఊలు నాలుగుసార్లు ఓర్చుకుంటుంది. ఇది రెండోసారికే బొచ్చు రేగిపోతుంది.

కింద చెప్పిన వరుసలో వెళ్ళండి. మొదటి నాలుగు పనులకు రెండు మూడు రోజులు పడుతుంది, అందులో ఎక్కువ సేపు ఊలు ఆరడానికే. అవి పూర్తయ్యేసరికి ఏం అల్లాలన్నది చాలావరకు తేలిపోతుంది.

1. మీ చేతిలో ఉన్నది ఏ దారమో చూడండి

మన వైపు ఇళ్ళలో కనిపించేవి ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది మన దక్కనీ గొర్రె ఉన్ని. కురుమలు గొంగళ్ళు నేసేది దీనితోనే. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్ళినవాళ్ళు భుజాన గొంగడి వేసుకుని వచ్చే పెద్దలను చూసే ఉంటారు. ఆ నలుపు రంగు వేస్తే వచ్చింది కాదు, గొర్రెదే. ఈ గొర్రెలకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు. ఇప్పుడు ఊళ్ళలో నెల్లూరు రకం గొర్రెలు ఎక్కువయ్యాయి. వాటికి వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. అందుకే ఒక అవ్వ కూర్చుని వడికిన నల్ల ఉన్ని పావు కిలో దొరికినా అది దొరకని వస్తువే అనుకోండి. ఇది గట్టిది, గరుకుది. పల్లేరుకాయల ముక్కలు, గడ్డి పరకలు కూడా అందులో ఉంటాయి.

రెండోది కులూ, మనాలి, కశ్మీర్ వైపు టూర్లకు వెళ్ళినవాళ్ళు తెచ్చే కొండ ప్రాంతం ఊలు. కొంత మెత్తగా ఉంటుంది, కొంత కాదు. షాపులో చెప్పిన పేరును నమ్మకండి, మీ చర్మం చెప్పింది నమ్మండి.

మూడోది పత్తి నూలు. పత్తి పండే జిల్లా మనది. తకిలి (చేతి కదురు) మీద ఒత్తులకు, జంధ్యాలకు వడికిన పెద్దవాళ్ళు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నారు. రాట్నం మీద వడికిన ఖాదీ నూలు కూడా దొరుకుతుంది. అది సన్నం కాబట్టి ఆరేడు పోగులు కలిపి అల్లుకోవాలి.

నాలుగోది టస్సర్ పట్టు. మహదేవపూర్, చెన్నూరు వైపు అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే పట్టుకాయల దారం. తేనె రంగులో, కొంచెం గరగరలాడుతూ ఉంటుంది.

ఏ రకమో తెలియకపోతే చిన్న ముక్క తెంపి, స్టీలు గిన్నె మీద పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. ఉన్ని, పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అయిపోతుంది. పత్తి అయితే కాగితం కాలిన వాసన. కరిగి నల్లటి గట్టి పూసలా అయితే అందులో ప్లాస్టిక్ దారం కలిసింది.

2. మెడకు చుట్టుకుని కూరగాయలు తరగండి

ఈ పరీక్షను దాటవేయకండి. చిలపను వేళ్ళతో తాకి మెత్తగా ఉందనుకోవద్దు. ఇంటి పని చేసే చేతులకు గరుకు తెలియదు. మెడకు రెండు చుట్లు చుట్టుకుని, పొయ్యికి దూరంగా, కూరగాయలు తరుక్కుంటూ ఒక అరగంట ఉండండి. మధ్యలో మీకు అది ఉందన్న సంగతే గుర్తురాకపోతే దానితో మఫ్లర్, టోపీ ఏదైనా అల్లొచ్చు. పది నిమిషాలకే గోక్కోవాలనిపిస్తే ఒంటికి తగిలేది ఏదీ అల్లవద్దు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. జనగామ వైపు ఒక ఊళ్ళో ఒక కురుమ అవ్వ దగ్గర నల్ల ఉన్ని కొన్నాను. అప్పుడు మా చెల్లెలి మనవడికి ఏడాది నిండుతోంది. మన గొర్రె ఉన్నితో మన పిల్లగాడికి టోపీ అని ఎంతో ఇష్టంగా అల్లాను. పెట్టిన పావుగంటలో నుదురంతా ఎర్రగా కందిపోయింది, ఏడుపు ఆగలేదు. తప్పు ఉన్నిది కాదు. గొంగడి చొక్కా మీద వేసుకునేది, కింద పరుచుకునేది. చంటిపిల్లల చర్మానికి అది తగలకూడదన్న సంగతి నేను ఆలోచించలేదు. టోపీ విప్పాను. ఆ ఉన్నినే, మిగిలిన దానితో కలిపి, పూజగదిలో వేసుకునే ఆసనంగా అల్లాను. ఆరేళ్ళుగా రోజూ దాని మీద కూర్చుంటున్నాం, అంచు ఒకచోట కాస్త అరగడం తప్ప చెక్కుచెదరలేదు.

3. ఉతికి, ఆరబెట్టండి

అల్లే ముందే ఊలును ఉతకాలి. రెండు కారణాలున్నాయి. వడికినప్పుడు ఎక్కిన మెలిక నీళ్ళలో సర్దుకుంటుంది. ఉతికాక దారం ఉబ్బి దాని అసలు మందం బయటపడుతుంది. ఉతకకుండా అల్లితే, మొదటి ఉతుకుకే వస్తువు కొలత మారిపోతుంది.

ముందు చిలపకు నాలుగుచోట్ల వదులుగా దారం కట్టండి, లేదంటే చిక్కు పడుతుంది. ఐదారు కుంకుడుకాయలు గింజ తీసి, చితక్కొట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి వడకట్టండి. ఆ నీళ్ళలో చిలపను ముంచి అరగంట వదిలేయండి. పిసకవద్దు, రుద్దవద్దు, వేడినీళ్ళ నుంచి తీసి చన్నీళ్ళలో వేయవద్దు. ఈ మూడింటిలో ఏది చేసినా ఉన్ని ముద్దకట్టి కంబళి ముక్కలా అయిపోతుంది. తెల్ల ఊలుకు మాత్రం కుంకుడు రంగు పట్టవచ్చు కాబట్టి నేను రెండు చుక్కల బేబీ షాంపూ వాడతాను. జాడించే నీళ్ళు కూడా గోరువెచ్చగానే ఉండాలి.

పాత టవల్‌లో చుట్టి అదిమితే నీరంతా దిగిపోతుంది. తర్వాత నీడలో వేలాడదీయండి. రంగు వేసిన ఊలైతే తడిగా ఉన్నప్పుడే తెల్ల గుడ్డతో అద్ది చూడండి. రంగు అంటుకుంటే దాన్ని ఇంకో రంగుతో కలిపి అల్లవద్దు.

ఆరిన తర్వాత, ముందు నాలుగో పనిలో చెప్పినట్టు చిలప పొడవు కొలిచి, అప్పుడు గొంగడి ఉన్నిలో పల్లేరు ముళ్ళు ఏరుకుంటూ ఉండ చుట్టుకోండి. ఇక్కడ ఓపిక పట్టాలి. అల్లిన తర్వాత ముల్లు తీయడం చాలా కష్టం. ఉండను గట్టిగా బిగించవద్దు, బిగిస్తే సాగిపోయి ఉంటుంది. మధ్యలో రెండు వేళ్ళు పెట్టి వాటి మీదుగా చుట్టి, వేళ్ళు తీసేస్తే సరిగ్గా వదులుగా వస్తుంది.

4. ఎంత ఉందో లెక్క కట్టండి

షాపు ఊలుకు చీటీ ఉంటుంది. దీనికి ఉండదు కాబట్టి మనమే రాసుకోవాలి. మూడు అంకెలు చాలు.

బరువు: గ్రాముల్లో చూపే వంటింటి కాటా మీద తూచండి.

పొడవు: ఉండ చుట్టక ముందే, చిలపగా ఉన్నప్పుడే కొలవాలి. చిలప చుట్టుకొలతను టేపుతో కొలిచి, ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టి హెచ్చించండి. చుట్టుకొలత 1.5 మీటర్లు, పోగులు 120 అయితే దారం 180 మీటర్లు.

మందం: స్కేలు మీద ఒక అంగుళం మేర దారాన్ని పక్కపక్కన చుట్టండి. లాగవద్దు, ఒకదాని మీద ఒకటి ఎక్కించవద్దు. ఎన్ని చుట్లు పట్టాయో చూడండి. చేతితో వడికినది కాబట్టి మూడు నాలుగు చోట్ల చూసి సగటు తీయండి. 8 లోపు చుట్లు పడితే అది లావు ఊలు, 6 మిల్లీమీటర్ల నుంచి పైన సూదులు కావాలి. 9 నుంచి 11 అయితే 5 మి.మీ. దగ్గర. 12 నుంచి 15 అయితే 4 మి.మీ. అంతకన్నా ఎక్కువ చుట్లు పడితే సన్న ఊలు, 3 నుంచి 3.5 మి.మీ. సూదులు సరిపోతాయి.

మన షాపుల్లో సూదులు నంబర్లతో అమ్ముతారు, ఆ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 10 నంబరు అంటే 3.25 మి.మీ., 8 నంబరు 4 మి.మీ., 6 నంబరు 5 మి.మీ., 4 నంబరు 6 మి.మీ. కొత్తవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. ఫ్యాన్సీ షాపుల్లో నాకు 8 నుంచి 12 నంబర్లే ఎక్కువగా దొరికాయి. లావు సూదులు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. జారిపోయే పట్టు దారానికి వెదురు సూదులు తీసుకోండి. బొచ్చు ఎక్కువున్న ఉన్నికి స్టీలు లేదా అల్యూమినియం సూదులు హాయిగా కదులుతాయి.

ఇంకొకటి కూడా చూడండి. ఒక గజం దారం తీసి రెండు కొసలూ దగ్గరికి తెండి. మధ్యలో వేలాడే దారం తనంతట తానే జడలా మెలిపడిపోతే అందులో మెలిక ఎక్కువగా ఉందని అర్థం. ఒంటిపోగు దారాల్లో ఇది సాధారణం. అలాంటి దారంతో ఒక వరుస సీదా (నిట్), ఒక వరుస ఉల్టాగా (పర్ల్) అల్లితే గుడ్డ ఒక పక్కకు వాలుతుంది, చదరం ఏటవాలు అవుతుంది. అన్ని వరుసలూ సీదాగా అల్లితే వాలదు. సాదా అల్లిక పట్టుకొమ్మని నేను పోరు పెట్టడానికి ఇదీ ఒక కారణం.

5. నమూనా ముక్క అల్లండి

మంచి ఊలు వృథా అవుతుందని చాలామంది ఇది మానేస్తారు. వృథా కాదు. కొలిచాక విప్పి మళ్ళీ వాడుకోవచ్చు. లేదా వస్తువుతోపాటు దాచుకుంటే రేపు చిరిగినప్పుడు రఫ్ఫు చేయడానికి అదే దారం ఉంటుంది.

20 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ సీదాగా, చదరం వచ్చే దాకా అల్లండి. కుట్లు మూసి, తడిపి, ఆరబెట్టి, అప్పుడు కొలవండి, తూచండి. చేతిలో నలిపి చూడండి. అట్టముక్కలా బిర్రుగా ఉంటే ఇంకాస్త లావు సూదులు తీసుకోవాలి. వెలుగుకు పట్టి చూస్తే జల్లెడలా ఉంటే సన్న సూదులు. ఈ తీర్పు మీ చేయి ఇవ్వాలి. పైన నేను చెప్పిన అంకెలు మొదలుపెట్టడానికే.

ఇప్పుడు లెక్క. 10 సెంటీమీటర్ల చదరం ముక్క 5 గ్రాములు తూగిందనుకుందాం. మీ దగ్గర 100 గ్రాముల ఊలుంది. పదో వంతు పక్కన పెట్టుకోండి, మిగిలింది 90 గ్రాములు. అంటే అలాంటి చదరాలు 18 వస్తాయి. 18 సెం.మీ. వెడల్పుతో అల్లితే 100 సెం.మీ. పొడవు. పెద్దవాళ్ళకు పూర్తి మఫ్లర్ రాదు, మెడకు ఒక చుట్టు వేసి గుండీ పెట్టుకునే పట్టీ వస్తుంది. ఈ లెక్క ముందు వేసుకోకపోతే ముప్పావు మఫ్లర్ దగ్గర దారం అయిపోతుంది. అదే దారం మళ్ళీ దొరకదు, అవ్వ దగ్గరికి వెళ్ళి అడిగినా ఈసారి గొర్రె వేరు, రంగు వేరు.

6. ఇప్పుడు ఎంచుకోండి

మన వాతావరణం కూడా గుర్తుంచుకోండి. ఓరుగల్లులో చలి కార్తీకంలో మొదలై సంక్రాంతికి ముదురుతుంది. శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఆదిలాబాద్ వైపు చలి గట్టిగా ఉంటుంది కానీ అక్కడా మధ్యాహ్నం ఎండ వచ్చేస్తుంది. కాబట్టి మందపాటి ఫుల్ స్వెటర్ మన దగ్గర ఏడాదిలో కొన్ని పొద్దులే ఒంటి మీద ఉంటుంది. దానికి అర కిలోకు పైగా ఊలు, నెలల పని కావాలి. చేతితో వడికిన కొద్దిపాటి ఊలును స్వెటర్‌కు పెట్టవద్దనే నేను చెబుతాను. రోజూ వాడేది అల్లండి.

మెత్తటి ఊలు, 30 గ్రాముల దాకా ఉంటే: చెవుల పట్టీ. పొద్దున్నే వాకింగ్‌కు, బండి మీద వెళ్ళేవాళ్ళకు ఇంతకన్నా పనికొచ్చేది లేదు. 10 సెం.మీ. వెడల్పు, 48 సెం.మీ. పొడవు పట్టీ అల్లి రెండు కొసలూ కలిపి కుట్టడమే. ఒకే రోజులో అయిపోతుంది.

మెత్తటి ఊలు, 100 గ్రాముల దగ్గర ఉంటే: పైన చెప్పిన మెడ పట్టీ, లేదా టోపీ. పెద్దవాళ్ళ టోపీకి మామూలు మందం ఊలు 60 నుంచి 90 గ్రాములు పడుతుంది. టోపీ అడుగున రెండు సీదా, రెండు ఉల్టా బార్డర్, పైన సాదా. అంతకన్నా ఏమీ వద్దు.

మెత్తటి ఊలు 200 గ్రాములు దాటితే: అమ్మకో అత్తమ్మకో భుజాల మీద కప్పుకునే చిన్న శాలువా. దీనికి అన్నిటికన్నా భద్రమైన పద్ధతి మూల నుంచి మొదలుపెట్టడం. కొద్ది కుట్లతో మొదలై ప్రతి వరుసకూ పెరుగుతూ పోతుంది కాబట్టి దారం ఎక్కడ అయిపోతే అక్కడ ఆపవచ్చు. అప్పటికి అది త్రికోణంగా ఉంటుంది, అలాగే కప్పుకోవచ్చు. దారంలో ఒక్క గజం కూడా మిగలదు, తక్కువా పడదు.

గరుకు నల్ల ఉన్ని: ఆసనం, కుర్చీ మీద పరిచేది, వేడి గిన్నె కింద పెట్టే మందపాటి చదరం, సంచి. ఉన్ని మంట అంత తేలిగ్గా అంటుకోదు, వేడిని ఆపుతుంది కాబట్టి గిన్నె కింద చాలా బాగా పనిచేస్తుంది. సంచి అల్లితే లోపల గుడ్డ లైనింగ్ వేయండి, బరువుకు సాగకుండా ఉంటుంది. నా ఓటు మాత్రం ఆసనానికే. ఎలా అల్లాలో కింద వివరంగా రాస్తున్నాను.

పత్తి నూలు: ముఖం తుడుచుకునే చిన్న గుడ్డ. 22 సెం.మీ. చదరానికి 30 నుంచి 40 గ్రాములు పడుతుంది. పత్తికి ఊలులా సాగి మళ్ళీ దగ్గరయ్యే గుణం లేదు. పెద్ద వస్తువు అల్లితే తన బరువుకు తానే కిందికి సాగుతుంది. అందుకే చిన్నవి, బిగువుగా, కాస్త సన్న సూదులతో.

టస్సర్: లావు సూదులతో వదులుగా అల్లిన సన్నటి స్టోల్. చీర మీదకి అంత అందంగా ఒదిగేది ఇంకోటి లేదు. బార్డర్ పెట్టవద్దు, పట్టు దారానికి బిగువు నిలవదు.

ఊలు మరీ కొద్దిగా ఉంటే కలిపి అల్లడం ఒక మార్గం. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు చూడండి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ నేతలో రంగుల పట్టీలే ఎంత నిండుగా ఉంటాయో. అలాగే అదే మందం ఉన్న షాపు ఊలుతో నాలుగు వరుసలు, మీ ఊలుతో నాలుగు వరుసలు వేసుకోండి. పూర్తి ఉన్ని ఊలే కొనండి. యాక్రిలిక్ కలిపితే ఉతికినప్పుడు రెండూ రెండు రకాలుగా ముడుచుకుంటాయి.

7. ఆసనం: మూల నుంచి మూలకు

పావు కిలో లావు ఉన్నికి మూర పొడవు, మూర వెడల్పు, అంటే 45 సెం.మీ. ఆసనం వస్తుంది. నాకు 10 సెం.మీ. ముక్క 10 గ్రాములు తూగింది. ఆ లెక్కన ఆసనానికి 200 గ్రాములు పైచిలుకు. ముందు ఈ పద్ధతిని పాత ఊలుతో ఒక చిన్న చదరం అల్లి చేతికి అలవాటు చేసుకోండి.

4 కుట్లు ఎక్కించండి. మొదటి వరుస మొత్తం సీదా.

రెండో వరుస నుంచి: 2 కుట్లు సీదా, సూది మీదుగా దారం ఒక చుట్టు, మిగిలినవన్నీ సీదా. ప్రతి వరుసా ఇంతే. ఒక్కో వరుసకు ఒక్కో కుట్టు పెరుగుతుంది, అంచు పొడవునా చిన్న చిన్న కంతలు వరుసగా వస్తాయి.

ఉండను మధ్యమధ్య తూస్తూ ఉండండి. మొదలుపెట్టినప్పటి బరువులో సగానికి కొంచెం పైన మిగిలినప్పుడే ఆగాలి. 240 గ్రాములతో మొదలుపెడితే 130 మిగిలినప్పుడు. సరిగ్గా సగానికి ఆగితే చివరి మూలకు దారం చాలదు.

అక్కడి నుంచి తగ్గించడం: 1 కుట్టు సీదా, 2 కుట్లు కలిపి ఒకటి, దారం ఒక చుట్టు, మళ్ళీ 2 కుట్లు కలిపి ఒకటి, మిగిలినవన్నీ సీదా. ప్రతి వరుసకూ ఒక కుట్టు తగ్గుతుంది. 4 కుట్లు మిగిలాక మూసేయండి.

మధ్యకు వచ్చేసరికి సూది మీద ఉండేది చదరం కర్ణం, అంటే 64 సెం.మీ. దాకా. మామూలు సూదుల మీద అది ఇరుకవుతుంది, కుట్లు జారిపోతాయని టెన్షన్ పడుతూ అల్లాలి. రెండు సూదులను వైరుతో కలిపిన 80 సెం.మీ. సర్క్యులర్ సూది తీసుకుంటే బరువంతా ఒళ్ళో ఉంటుంది, మణికట్లు నొప్పి పెట్టవు.

8. అల్లేటప్పుడు

రెండు ఉండలుంటే, ఒకటి పూర్తిగా అయ్యాక రెండోది మొదలుపెట్టవద్దు. రెండు వరుసలు ఒకదానితో, రెండు వరుసలు ఇంకోదానితో మార్చి మార్చి అల్లండి. రెండింటి మధ్య రంగు తేడా, మందం తేడా ఉన్నా మొత్తం గుడ్డలో కలిసిపోతుంది.

దారం సన్నబడి తెగితే ముడి వేయవద్దు. ఉన్ని అయితే రెండు కొసలను కొంచెం విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నీటి తడి చేసి, అరచేతుల మధ్య వేడి పుట్టేలా రుద్దండి. రెండూ ఒకటైపోతాయి. పత్తికి, పట్టుకు ఇది పనిచేయదు. వాటికి పాత కొసను, కొత్త కొసను కలిపి పట్టుకుని ఏడెనిమిది కుట్లు అల్లి, మిగిలిన కొసలు లోపలికి దోపేయండి.

దారం మరీ లావుగా వచ్చిన చోట చూసి కంగారుపడకండి, సూదితో సరిచేయాలని చూడకండి. వడికిన చేయి అక్కడ ఒక క్షణం ఆగింది, అంతే. పది వరుసలు దాటాక వెనక్కి చూస్తే అది కంటికి తగలదు.

చివర్లో కుట్లు మూయడానికి దారం చాలుతుందా అని అనుమానం వస్తే, మిగిలిన దారాన్ని అల్లిన వెడల్పు మీద పరిచి కొలవండి. వెడల్పుకు నాలుగు రెట్లు ఉండాలి. లేకపోతే ఇంకో వరుస వేయకుండా అక్కడే మూసేయండి.

9. పూర్తయ్యాక

మళ్ళీ ఒకసారి గోరువెచ్చని నీళ్ళలో తడిపి, టవల్‌లో అదిమి, నులక మంచం మీద పాత బట్ట పరిచి దాని మీద ఆరేయండి. కింద నుంచి కూడా గాలి ఆడుతుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. మూలలను చేత్తో సర్ది చదరం చేయండి. తీగ మీద వేస్తే తడి బరువుకు సాగిపోతుంది. వాషింగ్ మెషిన్‌లో వేయనే వద్దు. ఎవరికైనా బహుమతిగా ఇస్తే ఈ ఒక్క మాట చీటీ మీద రాసి పెట్టండి. నేను అల్లి ఇచ్చిన ఒక మఫ్లర్ మెషిన్‌లో పడి జానెడైపోయింది. ఇచ్చినప్పుడు ఉతికే పద్ధతి చెప్పలేదు నేను.

చలి పోయాక దాచేటప్పుడు ఉతికి, పూర్తిగా ఆరబెట్టి దాచండి. పురుగుకు చెమట, నూనె ఉన్న ఉన్నే ఇష్టం. ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి పెడితే మంచిదే కానీ దాని మీదే ఆధారపడకండి. రెండు నెలలకోసారి తీసి దులిపి, కాసేపు ఎండ చూపించండి. పురుగు పట్టిందని అనుమానం వస్తే ప్లాస్టిక్ కవర్‌లో గాలి పోకుండా కట్టి డీప్ ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంచండి, గుడ్లతో సహా చస్తాయి.

మిగిలిన గజమో రెండు గజాలో పారేయకండి. నమూనా ముక్కతోపాటు ఒక కవర్‌లో వేసి, దాని మీద ఉన్ని ఎక్కడిది, ఎవరు వడికారు, ఏ సూదులతో అల్లారు, ఎన్ని గ్రాములు పట్టింది అని రాసి పెట్టండి. మా ఆసనం అంచు కింద ఏడాది ఒకచోట అరిగితే ఆ కవర్‌లోని నల్ల దారంతోనే బాగుచేశాను. ఎక్కడ కుట్టానో ఇప్పుడు నాకే కనిపించదు.